ఇంటి జబ్బు, ఊరి వంతు

(డొక్కా సీతమ్మగారి స్మృతిలో రావులపాలెంలో చేసిన ఉపన్యాస పాఠం)



సాయంత్రం పనులు పక్కన పెట్టి వచ్చారు. రావాలని ఉండి కూడా, మంచం పట్టిన మనిషిని ఒంటరిగా వదిలి గడప దాటలేక ఆగిపోయినవాళ్లు ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఉన్నారు. నేను మాట్లాడబోయేది వాళ్ల గురించే. ఇది పుస్తకంగా అచ్చయ్యాక ముందు వాళ్ల ఇళ్లకి చేర్చమని నిర్వాహకులను కోరుతున్నాను.

సీతమ్మగారి పేరు మీద మాట్లాడటమంటే కోనసీమలో చిన్న సంగతి కాదు. ఆవిడ 1841లో మండపేటలో పుట్టారు. తండ్రి అనుపిండి భవానీశంకరంగారు వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టే మనిషి కావడంతో జనం ఆయన్ని బువ్వన్నగారని పిలిచేవారు. లంకల గన్నవరం రైతు డొక్కా జోగన్నగారిని పెళ్లాడి, ఆ లంకల దారిన పోయేవాళ్లకి వేళ కాని వేళలో కూడా ఆకు వేసి వడ్డించారు. 1909లో కన్నుమూశారు. గన్నవరం దగ్గర వైనతేయ నది మీద కట్టిన కొత్త అక్విడెక్టుకి ఆవిడ పేరు పెట్టుకున్నాం. 2024 నుంచి రాష్ట్రంలో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికీ ఆవిడ పేరే.

ఆవిడ గురించి ఈ సీమలో తరాలుగా చెప్పుకునే కథ ఒకటుంది. మీలో చాలామందికి తెలిసిందే, అయినా ఒకసారి వినండి. అంతర్వేది నరసింహస్వామి దర్శనానికని ఆవిడ పల్లకీలో బయల్దేరారు. దారిలో ఆగిన చోట, ఆకలికి ఏడుస్తున్న పిల్లల్ని పెళ్లివారెవరో ఊరుకోబెడుతున్నారు. కాసేపట్లో గన్నవరం చేరిపోతాం, సీతమ్మగారింట్లో అన్నం తిందురుగాని అంటున్నారు. ఆ మాట చెవిన పడగానే ఆవిడ దర్శనం మానుకుని వెనక్కి తిరిగారు. వాళ్ల కంటే ముందే ఇల్లు చేరి వంట సిద్ధం చేయించారు.

దానగుణం చెప్పడానికి ఈ కథ చెబుతుంటాం. నా మనసుకి పట్టింది వేరే. ఆ పెళ్లివారు ఆవిడని ఏమీ అడగలేదు, ఆవిడ అక్కడున్నారని కూడా వాళ్లకి తెలియదు. తెలిసిన అవసరానికి అడిగించుకోకుండా, వేళ తప్పకుండా, స్వయంగా వెళ్లి నిలబడటం ఆవిడ పద్ధతి. నేను ప్రభుత్వాసుపత్రుల్లో నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. మా అమ్మ ఆఖరి రోజుల్లో ఇంట్లో నేనే చూసుకున్నాను. ఈ రెండు అనుభవాల్లోంచి నేను ఇవాళ ఒకే మాట చెప్పదలిచాను. తీరని జబ్బుతో మనిషి మంచం మీద ఉన్న ఇంటికి ఊరు చేయాల్సిన సాయం, సీతమ్మగారి పద్ధతిలో, వంతు వేసుకుని వెళ్లడం. ఆ మాటని అంచెలంచెలుగా మీ ముందు పెడతాను.

1. మంచం పక్కన ఉన్న మనిషి

ఆత్రేయపురం వైపు ఒక ఊరు. ఊరి పేరు, మనుషుల పేర్లు చెప్పను. ఆయన మన రావులపాలెం అరటి మార్కెట్‌లో ఏళ్ల తరబడి గెలలు మోసి లారీలకి ఎత్తిన మనిషి. పక్షవాతం వచ్చి కుడి కాలు, కుడి చెయ్యి, మాట పోయాయి. వసారాలో మంచం. నేను వెళ్లేసరికి భార్య ఆయన్ని పక్క తిప్పుతోంది. పాత నేత చీర నాలుగు మడతలు వేసి ఆయన భుజాల దగ్గర్నుంచి తొడల దాకా పరిచి ఉంచింది. ముందు ఆయన మోకాలు మడిచి నిలబెట్టింది. మంచానికి అటువైపు వెళ్లి, చీర అంచు రెండు చేతులా పట్టుకుని, తన కాలు మంచం కోడుకి తన్నిపెట్టి లాగింది. మనిషి పక్కకి ఒరిగాక వీపు వెనక దిండు దోపింది. మోకాళ్ల మధ్య ఇంకో చిన్న దిండు పెట్టింది. మళ్లీ రెండు గంటలకి ఇదే పని, రెండోవైపుకి. రాత్రిళ్లు కూడా అంతే.

ఆసుపత్రిలో ఆ పని ఇద్దరం చేసేవాళ్లం. ఇద్దరుంటే చిటికెలో అయిపోతుంది.

ఆయన వీపు చూశాను. ఒక్క పుండు లేదు. ఎన్నో వార్డులు చూసిన కళ్లతో చెబుతున్నాను, అది మామూలు విషయం కాదు. తర్వాత ఆవిడ చేతులు చూశాను. మణికట్లు రెండూ వాచి ఉన్నాయి. నీ బీపీ ఎంత ఉందమ్మా అంటే, చూపించుకుని చాలా కాలమైందండి, ఈయన్ని ఎవరి మీద వదిలి వెళ్లను అంది. ఆయన మంచాన పడ్డ కొత్తలో వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు వస్తానని మొక్కుకుంది. గుడి అంత దగ్గరలో ఉంది. ఒక్క శనివారం కూడా వెళ్లలేకపోయింది. మొక్కు తీర్చలేదన్న దిగులొకటి ఆవిడకి.

కొడుకు హైదరాబాదులో ప్రైవేటు ఉద్యోగం. కూతురు కువైట్‌లో. ఆ పిల్ల అక్కడ ఒక ముసలావిడకి స్నానం చేయించి, మందులు వేసి, తినిపించి, ఆ జీతంలోంచి ఇక్కడ నాన్న డైపర్లకి డబ్బు పంపిస్తోంది. కోనసీమలో ఇలాంటి ఇళ్లు ఎన్నో ఉన్నాయని మీకు వేరే చెప్పక్కర్లేదు. ఇంకొకరి ఇంట్లో రోగి సేవ చేయడానికి మన ఆడపిల్లలు సముద్రాలు దాటి వెళ్తున్నారు. ఇక్కడి మంచం పక్కన మిగిలింది మరో ముసలి మనిషి.

జబ్బు మనిషి మీద అందరి కళ్లూ ఉంటాయి. డాక్టరు ఆయన్నే చూస్తాడు, కేస్‌షీటు ఆయన పేరు మీదే ఉంటుంది. ప్రభుత్వం కూడా 2024 జూలై నుంచి పూర్తిగా మంచానికి పరిమితమైనవాళ్లకి నెలకి 15,000 రూపాయల పింఛను ఇస్తోంది. అది చాలా ఇళ్లని నిలబెట్టింది, ఆ మేలు కాదనకూడదు. కానీ చీర అంచు పట్టుకుని లాగడానికి రెండో జత చేతులు ఆ డబ్బుతో దొరకవు. పగలు మనిషిని పెట్టుకుంటే ఆ మొత్తం అక్కడికే సరిపోతుంది. మందులు, డైపర్లు, యూరిన్ బ్యాగులు అలాగే మిగిలి ఉంటాయి.

2. పరామర్శతో ఆగిపోవడం

ఊరు పట్టించుకోదని నేను అనను. ఎందుకు పట్టించుకోదు? మనది వరదల నేల. 1986 గోదావరి వరద, 1996 నవంబరు తుఫాను, 2022 జూలై వరద, ప్రతిసారీ పొయ్యి వెలిగిన ఇల్లు వెలగని ఇంటికి అన్నం పంపింది. ఏ కులం, ఏ పేట అని చూడకుండా పడవలెక్కించారు. ఆపద ఒక్కసారి వచ్చి, అందరికీ కనబడి, కొన్నాళ్లకి తగ్గిపోయేదైతే మనం చాలా గొప్పగా కదులుతాం. నాలుగు గోడల మధ్య ఏళ్ల తరబడి సాగే ఆపదకి ఏం చేయాలో మాత్రం మనకి అలవాటు లేదు.

మొదటి నెల ఇల్లు కిటకిటలాడుతుంది. బత్తాయిలు, హార్లిక్స్ సీసాలు, బ్రెడ్డు ప్యాకెట్లు బల్ల మీద పేరుకుంటాయి. వచ్చినవాళ్లందరికీ ఆ ఇల్లాలే టీ పెట్టాలి. వచ్చిన ప్రతివాళ్లకీ ఎప్పుడు పడ్డాడు, ఎలా పడ్డాడు, డాక్టరు ఏమన్నాడు అన్నది మొదట్నుంచీ చెప్పాలి. ఫలానా ఊళ్లో పసరు పోస్తారు, ఫలానావాళ్లు అక్కడికి తీసుకెళ్తే లేచి నడిచాడు అని ఎవరో చెబుతారు. తీసుకెళ్లకపోతే తనదే తప్పేమోనని ఆవిడకి రాత్రంతా నిద్ర ఉండదు. వెళ్లేటప్పుడు అందరూ ఒకే మాట అంటారు. ఏదైనా కావాలంటే మొహమాటపడకుండా అడగమ్మా.

మనస్ఫూర్తిగానే అంటారు. కానీ ఆ మాటతో అడిగే భారం కూడా ఆవిడ మీదే పడింది. ఏం అడగాలి? రాత్రి 2 గంటలకి వచ్చి నా మొగుణ్ణి పక్క తిప్పించండి అని ఎవరిని అడుగుతుంది? పక్క పాడైంది, దుప్పటి మార్చడానికి సాయం పట్టండి అని ఎవరితో అంటుంది? రెండో నెలకి జనం పలచబడతారు. ఆరో నెలకి వీధిలో కనబడితే, ఎలా ఉన్నాడు, అలాగే ఉన్నాడా అన్నదాకా వస్తుంది. క్యాన్సరైతే ఇంకా కష్టం. అంటుకుంటుందేమోనన్న భయం ఇప్పటికీ పోలేదు. క్యాన్సర్ అంటువ్యాధి కాదు, రోగి గ్లాసుతో నీళ్లు తాగితే రాదు. ఇంత పెద్ద సభలో మైకులో చెబుతున్నాను కాబట్టి ఇంటికెళ్లి నలుగురికీ చెప్పండి.

ఇక్కడ ఒక సంగతి ఆలోచించమంటాను. అదే ఇంట్లో ఆ మనిషి పోతే ఏం చేస్తాం? పోయిన ఇంట్లో పొయ్యి వెలిగించరని, ఏ పూట ఎవరింటి నుంచి అన్నం వెళ్లాలో చుట్టుపక్కలవాళ్లు తమలో తాము అనుకుంటారు. ఒకరు షామియానా సంగతి చూస్తారు, ఒకరు కబుర్లు పంపుతారు, పడుకోవడానికి ఇద్దరు తోడుంటారు. పదకొండో రోజు దాకా ఆ ఇంటివాళ్లు ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు. వంతులు వేసుకోవడం ఊరికి రాకపోలేదు. మనిషి పోయాక చేస్తున్నాం. ఊపిరి ఉండగానే ఆ పదకొండు రోజుల పద్ధతి మొదలుపెట్టమని నేను అడుగుతున్నాను.

ఇలాంటి సాయం ఇంకోచోట కూడా నా కళ్లతో చూశాను. ప్రభుత్వాసుపత్రి జనరల్ వార్డులో, అక్కా, మా ఆయన్ని కాస్త చూస్తూండు, స్కానింగు కాగితం తెచ్చుకుంటా అని పక్క మంచం ఆవిడకి అప్పజెప్పి వెళ్తారు. ఆవిడ తన రోగితోపాటు ఈయనకీ జావ పడుతుంది, సెలైన్ అయిపోతే సిస్టర్ని పిలుస్తుంది. ఒకరిది రాజోలు, ఒకరిది మండపేట. ఒకరి కులం ఒకరికి తెలియదు, అడగరు. మన పల్లెల్లో ఊరికీ పేటకీ మధ్య ఉన్న దూరం వార్డులో రెండు మంచాల మధ్య ఉండేది కాదు. డిశ్చార్జి రాసుకుని ఇంటికొచ్చాక ఆ అక్కలందరూ ఎటో పోతారు, తలుపు మూసుకుంటుంది.

3. కేరళలో ఏం చేశారు, మన దగ్గర ఏముంది

1993లో కోళికోడ్‌లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేష్ కుమార్, వారి మిత్రులు కలిసి ఒక పాలియేటివ్ కేర్ సొసైటీ పెట్టారు. నయం కాని జబ్బుల్లో నొప్పి తగ్గించి, బతికినన్నాళ్లూ మనిషిని మనిషిలా ఉంచే వైద్యం అది. కొన్నేళ్లకి వాళ్లకి ఒకటి అర్థమైంది. రోగి డాక్టరు ముందు కూర్చునేది ఏ కాసేపో. మిగతా కాలమంతా ఇంట్లోనే గడుస్తుంది. అందుకని 2000 తర్వాత మలప్పురం జిల్లాలో ఇరుగుపొరుగు బృందాలు మొదలయ్యాయి. వారానికి కనీసం 2 గంటలు ఇవ్వగలిగినవాళ్లకి 16 గంటల తరగతులు చెప్పి, తమ వీధిలోనే తిరగమన్నారు. టీచర్లు, కూలీలు, దుకాణదారులు, కాలేజీ పిల్లలు వచ్చారు. నర్సు ఇంటికి వెళ్లేటప్పుడు వీళ్లు వెంట ఉంటారు. ఆ ఇంట్లో బియ్యం ఉన్నాయా, పిల్లలు బడికి వెళ్తున్నారా అన్నది కూడా చూస్తారు. ఊళ్లో కొద్దికొద్దిగా పోగుచేసుకున్న డబ్బుతోనే నడిపారు. 2008లో కేరళ ప్రభుత్వం దీన్ని విధానంగా ప్రకటించింది. దేశంలో ఏ రాష్ట్రమూ అప్పటికి ఆ పని చేయలేదు. ఆ తర్వాత పంచాయతీల ద్వారా ఇంటికెళ్లే నర్సులొచ్చారు.

ఈ వరసని గుర్తుపెట్టుకోండి. ముందు ఇరుగుపొరుగు కదిలింది, ప్రభుత్వం వెనక వచ్చింది.

ఇరుగుపొరుగు చేయలేనిది కూడా ఒకటుంది, అది నొప్పి. ముదిరిన క్యాన్సర్ నొప్పికి పక్కింటావిడ ఓదార్పు చాలదు, మార్ఫిన్ కావాలి. 1985 నాటి మత్తుపదార్థాల చట్టంతో ఆ మాత్ర తెచ్చుకోవడం ఆసుపత్రులకే గగనమైంది. 2014లో చట్టాన్ని సవరించి దారి తేలిక చేశారు. డాక్టరు చెప్పిన మోతాదులో, నొప్పికి వాడితే రోగి దానికి బానిస అయిపోతాడన్న భయం అక్కర్లేదు. హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఈ వైద్యానికి ప్రత్యేక విభాగం ఉంది. తెలంగాణ జిల్లాల్లోనూ కేంద్రాలు పెట్టి ఇళ్లకి వెళ్లే బృందాలను ఏర్పాటు చేశారు. మనకి విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. కానీ కదల్లేని మనిషిని రావులపాలెం నుంచి అంత దూరం ఎన్నిసార్లు తిప్పుతారు? నొప్పి మాత్ర అమలాపురంలో, కొత్తపేటలో, ఇంటికి దగ్గర్లో దొరకాలి. అది అడగాల్సింది ప్రభుత్వాన్ని. అడగాల్సింది ఊరు. అలిసిపోయిన ఆ ఒక్క ఇల్లాలిని అర్జీ పట్టుకుని తిరగమనడం న్యాయం కాదు.

నర్సుని కనుక అరుణా షాన్‌బాగ్ సంగతి చెప్పకుండా ముందుకి వెళ్లలేను. ముంబయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో నర్సు. 1973లో ఆమె మీద జరిగిన ఘోరంతో మెదడు దెబ్బతిని మంచాన పడింది. 2015లో పోయేదాకా ఆ ఆసుపత్రి నర్సులే చూసుకున్నారు. రిటైరయ్యేవాళ్లు రిటైరయ్యారు, కొత్తగా చేరినవాళ్లు ఆ పని అందుకున్నారు. 2011లో సుప్రీంకోర్టు ఆమె తరఫున మాట్లాడే హక్కు తనని చూసుకుంటున్న ఆ సిబ్బందిదేనని గుర్తించింది. అన్నేళ్ల సేవ ఏ తల్లి అయినా ఒక్కతే చేయగలదా? డ్యూటీ చార్టు ఉంది కనుక జరిగింది. ప్రేమ లేకపోతే అది సాగేది కాదు, నిజమే. చార్టు లేకపోతే ఆ ప్రేమ మొదటి ఏడాదికే సొమ్మసిల్లేది.

4. వంతు

దాళ్వా పంటకి నీళ్లు చాలనప్పుడు ఏం చేస్తామో మీకు నేను చెప్పాలా? కాలువ మీద వంతులు పెట్టుకుంటాం. ఎగువ వాళ్లకి ఇన్ని రోజులు, దిగువ వాళ్లకి ఇన్ని రోజులు. ఆ వంతు ఉంది కనుకే శివారు చేను కూడా పండుతుంది. చూసుకునే మనిషి ఓపిక కూడా ఆ కాలువ నీరులాంటిదే, రాత్రీ పగలూ ఒకే చేనుకి పారిస్తే ఎండిపోతుంది. మంచిమనసు ఊళ్లో ఎంతైనా ఉంది. లేనిది రోజు, గంట, మనిషి పేరు రాసుకున్న కాగితం.

ఏ ఇంట్లో ఎవరున్నారో వెతకడానికి సర్వే అక్కర్లేదు. ప్రతి నెలా 1వ తేదీన పింఛను పట్టుకుని సచివాలయం ఉద్యోగి మంచం దగ్గరికే వెళ్తున్నారు. ఆశా కార్యకర్తకి ప్రతి గడపా తెలుసు. వాళ్లు ఆ ఇంటివాళ్లని అడిగి, సరేనన్నాకే మనకి చెప్పాలి. ఒప్పుకోని ఇంటి జోలికి పోవద్దు.

కలిసి కూర్చుని మాట్లాడుకోవడానికి చోటు కూడా ఉంది. డ్వాక్రా సంఘాల మీటింగుల్లో పొదుపు, అప్పు, వాయిదా మాట్లాడుకుంటారు. దాని తర్వాత ఓ పావుగంట, ఇంట్లో రోగిని చూసుకుంటున్నవాళ్లు తమ గోడు చెప్పుకోవడానికి ఇవ్వండి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకోవడానికి కూర్చున్న ఆడవాళ్లు ఎవరింటి సారా కష్టం వాళ్లు బయట పెట్టుకున్నారు. నా ఇంటి సిగ్గు అనుకున్నది అందరి ఇళ్లలోనూ ఉందని అక్కడే తెలిసింది, రాష్ట్రమే కదిలింది. రాత్రి నిద్ర లేకపోవడం, ఒక్కోసారి రోగి మీద కసురుకుని తర్వాత ఏడవడం, దేవుడా త్వరగా తీసుకుపో అనుకుని ఆ తలపుకే భయపడటం, ఇవన్నీ నేను విన్నాను. ఎవరికి వాళ్లు తామొక్కరే అంత పాపిష్టివాళ్లం అనుకుంటారు. అలాంటివాళ్లే ఇంకో ఇద్దరు పక్కన కూర్చుంటే ఆ భయం సగం తగ్గుతుంది.

అయితే ఈ పనంతా మళ్లీ ఆడవాళ్ల నెత్తికే చుట్టవద్దు. మగవాళ్లు చేయాల్సిన వంతులే ఎక్కువ ఉన్నాయి. మనిషిని ఎత్తాలి, గెడ్డం గీయాలి, ఆసుపత్రికి తీసుకెళ్లాలి, రాత్రి మేలుకోవాలి. ఇందాక చెప్పిన ఆవిడకి శనివారం ఒక పూట ఖాళీ కావాలి, అంతే కదా. పక్క వీధి కుర్రాడొకడు, మార్కెట్‌లో పనిచేసేవాడే, మావయ్య దగ్గర నేను కూర్చుంటానత్తా, నువ్వెళ్లిరా అన్నాడు. ఒకప్పుడు ఆయన వెనకాలే గెలలు మోయడం నేర్చుకున్నవాడు. వాడికి పక్క తిప్పడం నేను నేర్పాను, ఒక్కసారి చూపిస్తే వచ్చేసింది. ఆవిడ ఏడు శనివారాలూ వాడపల్లి వెళ్లొచ్చింది. ఎనిమిదో శనివారం కూడా వాడు వచ్చాడు. ఆ పూట ఆవిడ వెళ్లి బీపీ చూపించుకుంది.

ఎవరింటికి ఎవరు వెళ్లాలన్న ప్రశ్న వస్తుంది. నేను సూటిగా చెబుతాను. పేటలోని మనిషి ఊళ్లోకి వచ్చి రోగిని ఎత్తితే సరే, ఊళ్లోవాళ్లు పేటలోకి వెళ్లి ఎత్తరు అంటే ఆ వంతు వంతు కాదు, చాకిరీ. సీతమ్మగారి పేరున జరిగే పనిలో అది జరగకూడదు.

5. తలుపు తెరవడం

చూసుకుంటున్నవాళ్లతో రెండు మాటలు. మీ ఇల్లు చిందరవందరగా ఉందని, వాసన వస్తోందని మమ్మల్ని రానివ్వకుండా ఉండకండి. ఎవరైనా ఏం చేయమంటారు అంటే, ఏం లేదండి అనకండి. శనివారం పొద్దున ఒక గంట కూర్చోండి అని చెప్పండి. అంతకన్నా పెద్ద ఉపకారం వచ్చినవాళ్లకి మీరు చేయలేరు, ఏం చేయాలో తెలియకే చాలామంది రావడం మానేశారు.

వెళ్లేవాళ్లకి కొన్ని మాటలు. కాళ్లు, చేతులు సబ్బుతో కడుక్కుని మంచం దగ్గరికి వెళ్లండి. జ్వరం, దగ్గు ఉంటే ఆ రోజు మానండి, మానుతున్నట్టు ముందే ఫోను చేయండి. రిపోర్టులు అడగవద్దు. ఇదే జబ్బుతో పోయినవాళ్ల కబుర్లు చెప్పవద్దు. మాట రాని రోగికి చెవి వినబడుతుంది, ఆయన ముందు ఆయన గురించి గుసగుసలాడకండి. టీ వద్దని ముందే చెప్పండి. ఇల్లాలు మీతో కూర్చుని మాట్లాడబోతే, మేమున్నాం కదా, నువ్వు వెళ్లి పడుకో అనండి. మనిషి పోయాక మీ వంతు ఒక్కసారిగా ఆపేయకండి. అన్నేళ్లు రెండు గంటలకోసారి లేచిన మనిషికి ఆ తర్వాత కూడా ఆ వేళకి మెలకువ వస్తుంది, చేయడానికి పని ఉండదు. కొన్ని నెలలు ఆ గడప తొక్కుతూ ఉండండి.

బయట బల్ల మీద ఒక నోటు పుస్తకం పెట్టించాను. అది చందాల పుస్తకం కాదు. పేరు, ఫోను నంబరు, వారంలో ఏ రోజు, ఏ వేళ, నాలుగే గడులు గీయించాను. పగటి వంతులకి ముందు పేజీలు, రాత్రి వంతులకి వెనక పేజీలు. వచ్చే నెల పింఛన్లు పంచాక వచ్చే మొదటి ఆదివారం, ఆశా కార్యకర్తలను కూడా పిలుచుకుని ఇక్కడే కూర్చుని ఏ ఇంటికి ఎవరో రాసుకుందాం. పక్క తిప్పడం, దుప్పటి మార్చడం, ట్యూబులో జావ పోయడం ఆ రోజు నేను మంచం వేసి చూపిస్తాను. ఇప్పుడు బయటికి వెళ్లేటప్పుడు మగవాళ్లు ముందు వెనక పేజీలు తెరవండి.